ఎనిమిది డిగ్రీలు

ఇన్‌ఛార్జి కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు జరిపి, దాని మీద కలం అడ్డంగా పెట్టాడు. మూత తీసి మరీ పెట్టాడు. కాగితంలో ఏముందో చదవకముందే ఆ తీసిన మూత చూసి ఉయ్యాలమ్మకు ఒళ్లు మండింది.

నాలుగే వాక్యాలు. గ్యాస్ శుద్ధి ప్లాంటు కంట్రోల్ రూములో గోడకు తగిలించి ఉన్న పట్టిక ఈ లాబ్‌లో తయారైనదే. దాని ప్రకారం, మన పైపుల్లో వచ్చే గ్యాసు అరవై బార్ల ఒత్తిడి దగ్గర సున్నాకు నాలుగు డిగ్రీలు కిందికి చల్లబడితే తప్ప ద్రవం వదలదు. ఈ కొలత విషయంలో సందేహానికి తావు లేదు. కొలిచిన వ్యక్తిగా నేను దీన్ని ధ్రువపరుస్తున్నాను. కింద ఆమె హోదా టైపు చేసి ఉంది. తేదీ కూడా వేసి ఉంది.

"శుక్రవారం విచారణ. లాబ్ తరఫున ఒక ముక్క రాసిమ్మన్నారు," అన్నాడు ఇన్‌ఛార్జి. "నేనైనా పెట్టొచ్చు సంతకం. కానీ మీరు పెడితే దాని బరువే వేరమ్మా. సాక్షాత్తూ భార్యే పెట్టిందంటే ఇంక ఎవరూ వేలెత్తి చూపరు."

అంతా మెత్తగానే అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లు గట్టిగా మాట్లాడరు.

మూడు వారాల కిందట ప్లాంటులో కంప్రెసర్ పగిలింది. గ్యాసును నొక్కి ముందుకు తోసే యంత్రం అది. దానికి గ్యాసు తప్ప ఇంకేదీ పడదు. గ్యాసులో బరువైన పదార్థాలు కొన్ని కలిసి ఉంటాయి, చలి తగిలితే అవి ద్రవమై కారతాయి. ఆ ద్రవం లోపలికి పోతే రెక్కలు విరుగుతాయి. విరిగాయి. ఆ షిఫ్టులో ఆపరేటరు ఉయ్యాలమ్మ భర్త. లోపలికి వచ్చే గ్యాసు ఎనిమిది డిగ్రీలు ఉన్నట్టు లాగ్ షీట్లో ఆయన తన చేత్తో రాశాడు. మామూలుగా పదిహేను దాటి ఉంటుంది గానీ, ఆ వారం హీటరు మరమ్మతులో ఉంది. సున్నా దాకా భయం లేదు, నడుపుకోవచ్చు అని గోడ మీద పట్టిక చెబుతోంది కాబట్టి నడిపాడు. తనంతట తాను గీత గీసే రికార్డరు నెల రోజులుగా పాడై ఉంది. బాగు చేయించమని ఆయన రెండుసార్లు రాసిచ్చాడు. ఆ రెండు కాగితాలూ ఎవరి సొరుగులో నిద్రపోతున్నాయో ఎవరూ చెప్పరు.

ఇక విచారణ వాళ్ల లెక్క తేలికైపోయింది. ఎనిమిది దగ్గర ద్రవం రాదని పట్టిక అంటోంది. ద్రవం వచ్చింది. కాబట్టి ఎనిమిది అబద్ధం. గ్యాసు సున్నా కిందికి జారిపోతుంటే ఆపరేటరు కునుకు తీశాడు, లేచాక చేతికొచ్చిన అంకె వేశాడు. ఉద్యోగం పోవడానికి ఇది చాలు. పోతూ పోతూ దొంగ రాతలవాడన్న పేరు కూడా వెంట తీసుకుపోవచ్చు.

ఉయ్యాలమ్మకు ఊపిరాడనివ్వనిది వేరే ఉంది. ఆ పట్టిక ఆమెది. పదకొండేళ్ల కిందట తన కంటితో మూడేసిసార్లు చూసి వేసిన అంకెలు. లాబ్‌లో ఆమె కన్నుకు పేరొచ్చింది ఆ పట్టికతోనే. దాన్ని తప్పు అనడానికి నోరు రాదు. ఒప్పు అని సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె ఎవరితోనూ అనలేదు. విచారణ వాళ్ల లెక్కే ఆమె లెక్క కూడా. ఆయన కునుకు తీసే ఉంటాడని మూడు వారాల కిందటే మనసులో తేల్చేసుకుంది.

"మళ్లీ కొలిచి పెడతాను," అంది.

పదకొండేళ్లుగా ఎవరూ అడగనిది ఇప్పుడెందుకన్నాడు ఇన్‌ఛార్జి. పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు కాబట్టే అంది ఆమె. ఆయన గడియారం చూసుకుని, గోడ మీద క్యాలెండరు చూసి, గురువారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. కలానికి మూత పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి భర్త వంటింట్లో కుళాయి విప్పి కూర్చున్నాడు. సస్పెండు చేసిన నాటి నుంచి ఇంట్లో మరలున్న వస్తువల్లా ఆయన చేతిలో పడుతోంది. తలుపు గొళ్లాలు అయ్యాయి, ఫ్యాన్లు అయ్యాయి, పిల్ల సైకిలు అయింది. "ఇంకో వారం వీణ్ణి ఇంట్లో ఉంచారంటే గోడలు కూడా విప్పుతాడే అమ్మాయ్," అంది అత్తగారు గుమ్మంలోనే, చెప్పులు విప్పుతున్న కోడలితో. ఆవిడ నవ్వించాలనే అంటుంది. ఆ మూడు వారాల్లో ఎవరూ నవ్వలేదు.

కాగితం సంగతి చెప్పింది. సంతకం పెట్టలేదనీ, మళ్లీ కొలుస్తాననీ చెప్పింది. ఆయన వాషరును వేళ్ల మధ్య తిప్పి చూస్తూ అంతా విన్నాడు.

"వాళ్ల సంగతి వదిలెయ్. నువ్వేమంటావు?" అని అడిగాడు. "ఎనిమిదా, కాదా?"

చాలా చిన్న ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. ఆమె గిన్నెలో నీళ్లు ఒంపింది, గిన్నె పక్కన పెట్టింది, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఆ పట్టిక కొలిచింది నేనండీ," అంది.

ఆయన పానా కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. తర్వాత దాన్నే మళ్లీ తీసుకుని, కుళాయి బిగించి, తిప్పి చూసి, చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహమే. ఆమెకు ఆయన మీద కోపం రెండింతలైంది. నిజం చెప్పేవాడైతే గట్టిగా అరవొచ్చు కదా, అలా మూగనోము పట్టడమేమిటి అనిపించింది.

భోజనాల దగ్గర అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "నీ కొలత గొప్పదే, కాదన్ను. కానీ వీడికి చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వస్తే సున్నా అనే చెప్పాడు వాళ్ల నాన్నతో. పక్కింటి వెధవ ఒకటి చేర్చి పది చేసుకున్నాడు. వీడు తన్నులు తిన్నాడు గానీ అంకె మార్చలేదు." కొడుకు తలెత్తలేదు. కోడలు మజ్జిగ గిన్నె అటు జరిపింది.

మంగళవారం పొద్దున్నే, బయట సిలిండర్లు నిలవుంచే షెడ్డు నుంచి సిలిండరు తెప్పించింది. అదే గ్యాసు, అదే పాళ్లు. ఏది ఎంత కలిపారో తూకం వేసి రాసిన చీటీ మెడకు కట్టి ఉంది. దాన్ని ఇద్దరు మోసుకొచ్చి ఆమె చెప్పిన చోట, ఆమె చెప్పినట్టు పడుకోబెట్టారు. ఆ చోటు పేరు ఉయ్యాల. ఇనప చట్రంలో రెండు రోలర్లు, వాటి మీద సిలిండరు అడ్డంగా పడుకుని మెల్లగా అటూ ఇటూ దొర్లుతుంది. మీద కరెంటుతో వెచ్చబడే దుప్పటి కప్పుతారు. ఒక పగలూ ఒక రాత్రీ అందులో దొర్లితేనే, అడుగుకు దిగిన బరువు పదార్థమంతా మళ్లీ గ్యాసులో కలిసి ఒకటవుతుంది. అంతవరకు ఆమె ఎవరినీ వాల్వు మీద చెయ్యి వెయ్యనివ్వదు. పెద్దపెద్ద చదువులు చదివి వచ్చినవాళ్లను కూడా, ఉయ్యాల్లో వేశారా, ఎంతసేపు వేశారు, దుప్పటి కప్పారా అని గుచ్చిగుచ్చి అడిగి ఏడిపిస్తుంది. ఉయ్యాలమ్మ అన్న పేరు అలా వచ్చింది. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత మొహానే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఆమె కూడా ఫోనెత్తి అదే పేరు చెబుతుంది.

ఇన్‌ఛార్జి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. రెండోసారి, ఒక రోజంతా దీన్ని జోకొట్టడానికే సరిపోయిందే అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. గ్యాసు నింపి చూసే సెల్ విప్పి పెట్టుకుని ఉంది. పిడికిలంత ఉక్కు డబ్బా, ముందు వైపు వేలెడు మందం గాజు కిటికీ, లోపల చిన్న అద్దం. అద్దాన్ని స్పిరిటులో ముంచిన దూదితో మధ్య నుంచి అంచుకు తుడిచింది, ఎండిన దూదితో మళ్లీ తుడిచింది, దీపం పెట్టి వంచి చూసింది, మళ్లీ తుడిచింది. కోపంలో ఉన్నప్పుడు ఆమె ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే తోముతుంది.

బుధవారం సెల్ నింపింది. అరవై బార్ల దగ్గర ఆపి, చల్లబరచడం మొదలుపెట్టింది. ఈ పనికి తొందర పనికిరాదు. కంటి గొట్టానికి కన్ను ఆనించి, చెయ్యి నాబు మీద ఉంచి, డిగ్రీలో పదో వంతు చొప్పున దించాలి. అద్దం నిర్మలంగా ఉన్నంతసేపు అది గ్యాసే. ఊపిరి తగిలినట్టు ఒక మూల మసక పడిందంటే, బరువు పదార్థం ద్రవంగా మారడం మొదలైందన్నమాట. లాబ్ భాషలో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. ఆ అంకె రాసుకుని, మళ్లీ వెచ్చబరిచి, మసక పోయిన అంకె కూడా రాసుకోవాలి.

ఇరవై దగ్గర మొదలుపెట్టింది. సున్నా దాటి కిందికి పోవాలి కదా, సగం రోజు పని అనుకుంది. పదకొండున్నర దగ్గర రెప్ప వాల్చి తెరిచింది. పదకొండు పాయింటు రెండు దగ్గర అద్దం కుడి మూల మసక పడింది.

ముందు నమ్మలేదు. అద్దం సరిగా తుడవలేదనుకుంది. వెచ్చబరిచింది, మసక పోయింది. దించింది, పదకొండు పాయింటు ఒకటి. నీటి తడేమోనని గ్యాసంతా వదిలేసి, సెల్‌లోని తడంతా గంటసేపు పంపుతో లాగించి, కొత్తగా నింపింది. పదకొండు పాయింటు మూడు. నాబు వదిలేసింది. పదకొండు దగ్గరే ద్రవం వస్తే ఎనిమిది దగ్గర కాలవ కట్టి పారుతుంది. మరి ఈ పట్టికేమిటి, ఈ నాలుగేమిటి, ఆ కిందేమిటి.

ఇన్‌ఛార్జిని పిలిచింది. అంకెలు చూపించింది. ఆయన పెదవి విరిచాడు.

"కన్ను అమ్మా," అన్నాడు. "కన్ను దేన్ని వెతుకుతుందో దాన్నే చూస్తుంది. మూడు వారాలుగా మీరు పడుతున్న బాధ నాకు తెలియదా. ఏ భార్యకైనా పదకొండు దగ్గరే మసక కనిపిస్తుంది."

తల తీసేసినట్టయింది ఆమెకు. పదకొండేళ్ల కిందటి కన్ను చట్టం, ఇవాళ్టి కన్ను పెళ్లాం కన్ను.

"అయితే మీరు చూడండి సార్," అని స్టూలు దిగి పక్కకు జరిగింది. "నేను తాకను. మీరే దించండి, మీరే చూడండి."

ఆయన స్టూలు వైపు చూశాడు, కంటి గొట్టం వైపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఫోను వస్తుందన్నాడు. మధ్యాహ్నం చూద్దామన్నాడు. మధ్యాహ్నం రాలేదు. చూస్తే చూసినవాడవుతాడు కదా. ఆమె పళ్లు నూరుకుంటూ సాయంత్రం దాకా ఇంకో నాలుగుసార్లు కొలిచింది, నాలుగుసార్లూ పదకొండే వచ్చింది. అంత కోపంలోనూ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. తన కన్ను నిజంగానే మొగుడి వైపు మొగ్గిందేమో. లేకపోతే ఆనాటి కన్నుకేమైంది?

ఇంటికి వచ్చేసరికి అటక మీద నుంచి సామాను దించుతున్నారు. పక్కింటివాళ్ల కోడలు పురిటి నుంచి వచ్చిందట, ఉయ్యాల కావాలన్నారట. భర్త నిచ్చెన మీద నుంచి ఇనప చట్రం అందిస్తే పిల్ల కింద పట్టుకుంది. పదేళ్ల పిల్ల, తాను ఇందులో పట్టేదా అని కాళ్లు ముడుచుకుని చూపిస్తోంది. అత్తగారు గుడ్డతో బూజు దులుపుతూ కోడలిని చూసి మొదలుపెట్టింది.

"ఒకే ఏడాదిలో రెండు ఉయ్యాలలు తెచ్చుకున్న ఇల్లే ఇది. ఇంట్లో దీనికొకటి, ఆఫీసులో నీ ఇనప పిల్లలకొకటి. పురిటి సెలవు అయిపోయి నువ్వు మళ్లీ పనిలోకి వెళ్లిన వారమే కదూ అది వచ్చింది? ఇక్కడ దీన్ని ఊపి, అక్కడికి పోయి దాన్ని ఊపుతున్నానని నవ్వావు. గుర్తుందా?"

గుర్తుంది. ఎన్నోసార్లు అందరూ కలిసి నవ్వుకున్న మాటే. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు. పిల్లకు పదేళ్లు. ఉయ్యాలకు పదేళ్లు. పట్టికకు పదకొండు.

అలాగే నిలబడిపోయింది. చేతిలో సంచీ ఉందన్న సంగతి కూడా మరిచిపోయింది. పిల్ల వచ్చి సంచీ తీసుకుంటే అప్పుడు వదిలింది. నిచ్చెన దిగుతున్న ఆయన ఆమె మొహం చూసి ఏదో అడగబోయి, ఎడమొహం గుర్తొచ్చి, మానేశాడు.

గురువారం ఆఫీసు తెరవకముందే పాత రిజిస్టర్ల గది తాళం తీయించింది. పదకొండేళ్ల నాటి రిజిస్టరు అడుగు వరసలో ఉంది. అట్ట ఊడిపోయింది. దస్తూరి తనదే, ఇప్పటికంటే గుండ్రంగా, ఇప్పటికంటే పొందికగా ఉంది. ఆ ఏడాది చలికాలం, ఈ ఉత్తరాది ఊళ్లో నీళ్లు గడ్డకట్టే రోజులు. తేదీ. షెడ్డు ఉష్ణోగ్రత: సున్నాకు నాలుగు కింద. సిలిండరు లోపలికి తెచ్చిన సమయం: తొమ్మిదీ పది. సెల్ నింపిన సమయం: తొమ్మిదీ ఇరవైఅయిదు. కింద, మసక పడిన అంకెలు మూడు: నాలుగు, మూడు పాయింటు తొమ్మిది, నాలుగు పాయింటు ఒకటి. మూడింటి ముందూ మైనస్ గుర్తు.

షెడ్డులో చలి నాలుగు కింద. గ్యాసు మసక నాలుగు కింద. ఆ రెండు అంకెలూ పదకొండేళ్లుగా ఒకే పేజీలో, మధ్యలో రెండు వరసల ఎడంతో ఉన్నాయి. ఆ గదిలో నిలబడి ఆమె తనను తాను పచ్చిగా తిట్టుకుంది.

రాత్రంతా షెడ్డులో గడ్డకట్టిన సిలిండరులో బరువు పదార్థమంతా అడుగుకు దిగింది. ఆ చలికి వదలాల్సినదంతా వదిలేసిన పలచటి గ్యాసు పైన మిగిలింది. పదిహేను నిమిషాల్లో వాల్వు తిప్పి ఆ పైదాన్ని సెల్‌లో నింపింది. ఆ గ్యాసు మళ్లీ అదే చలి తగిలేదాకా ఇంకేమీ వదలదు. మూడుసార్లు కొలిచింది గానీ నింపింది ఒక్కసారే. అందుకే మూడూ ముద్దుగా ఒక్కచోట పడ్డాయి, చూసినవాళ్లంతా భేష్ అన్నారు. ఆమె కొలిచింది గ్యాసును కాదు. ఆ రోజు షెడ్డులో చలిని. ఆ చలిని అట్ట వేయించి, గోడకు తగిలించి, సున్నా దాకా భయం లేదని ఆపరేటర్లకు చెప్పారు. ఆ మాట నమ్మి ఎనిమిది దగ్గర యంత్రం నడిపినవాడు ఇప్పుడు ఇంట్లో కుళాయిలు విప్పుకుంటున్నాడు.

రిజిస్టరు చంకన పెట్టుకుని నేరుగా ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లింది. ఆయన అప్పుడే టీ కప్పు అందుకున్నాడు. బల్ల మీద అదే కాగితం ఉంది, అదే కలం ఉంది.

"మీకు ఏ అంకె కావాలో చెప్పండి సార్," అంది. "సున్నాకూ పదికీ మధ్య ఏదైనా సరే. సాయంత్రం ఆ అంకె దగ్గరే మసక చూపిస్తాను."

ఎగతాళి అనుకున్నాడో, పిచ్చెక్కిందనుకున్నాడో, "అయిదు," అన్నాడు.

శీతల పెట్టెను అయిదు దగ్గర పెట్టి, ఉయ్యాల్లో ఉన్న సిలిండరును తీయించి అందులో నిలబెట్టింది. ఏడు గంటలు దాన్ని ముట్టుకోలేదు. నాలుగు గంటలకు, పదకొండేళ్ల కిందట చేసినట్టే, బయటికి తీయించి పదిహేను నిమిషాల్లో సెల్ నింపింది. ఇన్‌ఛార్జిని పిలిపించింది. ఈసారి ఆయనకు ఫోను రాలేదు. అంకె తన నోటితో తానే చెప్పి ఉన్నాడు మరి, తప్పించుకోవడానికి దారి లేదు. స్టూలెక్కి కన్ను ఆనించాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. పది దాటింది, ఎనిమిది దాటింది, ఆరు దాటింది. ఆయన మెడ మీద చెమట పట్టింది. నాబు మీద చెయ్యి ఆగింది. తలెత్తి అంకె చదివాడు. అయిదు పాయింటు ఒకటి.

ఇంకోసారి కన్ను ఆనించి చూశాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఇలాంటివాళ్లకు నిజం తెలిసిన వెంటనే తలుపు గుర్తొస్తుంది.

విచారణ అధికారికి ఫోను చేస్తానన్నాడు. రికార్డరు పాడై ఉంది కాబట్టి ఏదీ రుజువు కాలేదని రాయిస్తానన్నాడు. హెచ్చరికతో వదిలేస్తారు, సోమవారం నుంచి డ్యూటీ. పట్టికను వచ్చే ఏడాది మెల్లగా సవరించుకోవచ్చు, ఎవరి పేరూ రానక్కర్లేదు. లాబ్ పరువు దక్కుతుంది, ఆమె పేరు దక్కుతుంది, మొగుడి ఉద్యోగం దక్కుతుంది. చెబుతున్నకొద్దీ ఆయన గొంతు మళ్లీ మెత్తబడింది.

ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధమవుతుంది.

"మరి లాగ్ షీట్లో ఎనిమిది?" అని అడిగింది.

"దాని పక్కన సందేహాస్పదం అని రాస్తారు. అంతేగా."

"అది సందేహం కాదు సార్. ఎనిమిదే."

మూడు రోజులు ఆలస్యంగా, అడిగినవాడికి కాకుండా ఇంకొకడికి, ఆ జవాబు చెప్పింది. బల్ల మీది కాగితం తీసుకుని వెనక్కి తిప్పి, పట్టిక తప్పని ఖాళీ వైపు తనే రాసింది. ఆయన కలంతోనే రాసింది.

శుక్రవారం విచారణ గదిలో పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్న అధికారి పెద్దాయన, చెవిలో మిషను పెట్టుకుని ఉన్నాడు. ఒక పక్కన గుమాస్తా అన్నీ రాసుకుంటున్నాడు. ఇవతల ఆపరేటరు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్‌ఛార్జి కిటికీ పక్క కుర్చీ చూసుకున్నాడు.

ఉయ్యాలమ్మ రిజిస్టరు విప్పి పేజీ చూపించింది. ఉయ్యాల గురించి చెప్పింది, షెడ్డు గురించి చెప్పింది, పదకొండు గురించి, అయిదు గురించి చెప్పింది. ఈ పట్టిక తప్పు, తప్పు చేసింది నేను అంది. రాత్రి కుదురుగా కూర్చుకున్న మాటలే, తడబడలేదు. పెద్దాయన అంతా విని, పేజీ మీద వేలు పెట్టి రెండు అంకెలూ రెండుసార్లు చదివాడు. ఇన్‌ఛార్జి వైపు తిరిగి మీరు కూడా చూశారటగా అని అడిగాడు. ఇన్‌ఛార్జి నీళ్లు నమిలాడు. చూసిన మాట నిజమేననీ, అయితే అది ఒక్కసారేననీ, దీని మీద లోతుగా అధ్యయనం జరగాలనీ, ఇప్పుడే ఏదీ ఇదమిత్థంగా చెప్పలేననీ అన్నాడు.

పెద్దాయన చెవి మిషను సర్దుకుని ఉయ్యాలమ్మను చూశాడు.

"మీరు చెప్పింది తర్కానికి నిలుస్తోందమ్మా. కానీ నేను రాయాల్సింది రాయాలి కదా. మీరు ఆయన భార్య. ఆయన్ని కాపాడుకోవడానికే మళ్లీ కొలిచారని రేపు ఎవరైనా అంటే నేనేం చెప్పను?"

ఇన్‌ఛార్జి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నిన్న అయిదు చెప్పిన నోరు ఇవాళ తెరుచుకోదు. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది. ఒక్కటే ఉంది. అది రాత్రి కూర్చుకున్న మాటల్లో లేదు.

"కాపాడాలని కొలవలేదండీ," అంది. "మా ఆయన అబద్ధం రాశాడనే నేనూ అనుకున్నాను. మొదటి రోజు నుంచీ అనుకున్నాను. ఎనిమిదా కాదా అని ఆయన నన్ను అడిగితే, అవునని అనలేదు. ఆ అబద్ధం రూఢి చేసుకుని, అప్పుడు సంతకం పెడదామని కొలిచాను. బుధవారం పదకొండు వచ్చినా నా కన్నే తప్పనుకున్నాను. నిన్న పొద్దున ఈ పేజీ చూసేదాకా నేను ఆయన్ని నమ్మలేదు."

గుమాస్తా కలం ఆగింది. ఇదంతా రాయాలా అన్నట్టు పెద్దాయన వైపు చూశాడు. రాయమన్నట్టు ఆయన తలూపాడు. ఆమె భర్త వైపు చూడలేదు. చూడకపోయినా, మోకాళ్ల మీద ఉన్న ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకోవడం కంటి కొసకు కనిపించింది.

రాసినది చదివి వినిపించారు. ఆమె సంతకం పెట్టింది. ఇంత చేదు మాట ఏ భార్యా మొగుడి కోసం కల్పించి చెప్పదని పెద్దాయన పక్కవాడితో మెల్లగా అన్నాడు. చెవి మిషను వాళ్ల మెల్ల గొంతు అందరికీ వినిపిస్తుంది. కంట్రోల్ రూములో పట్టిక ఇవాళే తీయించమన్నాడు. లాగ్ షీట్ తెప్పించి, ఎనిమిది పక్కన ఎర్ర సిరాతో ఎవరో పెట్టిన ప్రశ్న గుర్తును తన చేత్తో కొట్టేసి, పొట్టి సంతకం పెట్టాడు. ఆపరేటరును సోమవారం డ్యూటీకి రమ్మన్నాడు. పట్టిక విషయంలో లాబ్ ఉద్యోగినిని సంజాయిషీ అడగాల్సి ఉంటుందని కూడా రాయించాడు. ఆమె సరేనంది.

బయట ఎండగా ఉంది. భర్త స్కూటరు స్టాండు తీసి, జేబు గుడ్డతో తన సీటు తుడిచాడు. రోజూ రెండు సీట్లూ తుడవడం ఆయన అలవాటు. గుడ్డ చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఆ మాట రాసుకున్నారా?" అని అడిగాడు. సోమవారం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది.

"రాసుకున్నారు."

"నమ్మలేదన్న మాట."

"అదే. చదివి వినిపించారు కదా. సంతకం పెట్టాను."

ఆయన గుడ్డను మడిచాడు. మళ్లీ విప్పాడు. గేటు దగ్గర ఇన్‌ఛార్జి కారు హారన్ కొట్టుకుంటూ బయటికి పోయింది. ఇద్దరూ అటు చూడలేదు. ఆమె చెప్పడానికి ఇంకేమైనా ఉందా అని వెతుక్కుంది. క్షమించమని అడగొచ్చు. అడిగితే ఆయన ఫరవాలేదంటాడు, అది వినడం ఇంకా కష్టం.

"ఆ రోజు షెడ్డులో ఎంత ఉంది?" అన్నాడాయన.

"సున్నాకు నాలుగు కింద."

ఆయన వెనక సీటు మీద గుడ్డ వేసి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి తుడిచాడు.

"అది మాత్రం సరిగ్గానే రాశావు," అని స్కూటరు స్టార్టు చేశాడు.

ఆమె ఎక్కి కూర్చుంది.